ముత్యాల బరువు

మా నెస్రీన్ తొలి ఉపవాసం రోజు జరిగినంత హడావుడి నా పెళ్లికి కూడా జరగలేదు. నాకసలు పెళ్లే కాలేదు, అది వేరే సంగతి. కానీ త్లెంసెన్ ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్లకు చెద్దా అనే పెళ్లి ముస్తాబు కట్టింది ఈ చేతులే. మఖమల్ కఫ్తాను అంగీ, దాని మీద జరీ పని, నెత్తిన కోసుగా నిలబడే టోపీ, మెడ నుంచి నడుము దాకా వరసలు వరసలుగా ముత్యాల దండలు. అవన్నీ వేశాక పిల్ల కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. రంజాన్ ఇరవై ఏడో రోజున తొలి ఉపవాసం చేసిన ఆడపిల్లకు కూడా మేం అదే కడతాం. ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, వెండి ఉంగరం వేసిన షర్బత్ గ్లాసు చేతికిచ్చి ఉపవాసం విడిపిస్తాం.

నెస్రీన్ మా అన్నయ్య కూతురు. పదేళ్లది. ఈ రంజాన్ రాకముందు నుంచీ ఒకటే పాట. "ఇరవై ఏడో ఉపవాసం నేనుంటాను. మా క్లాసులో అందరూ ఉన్నారు. నేనొక్కదాన్నే లేను." ఒకసారి చెప్పి ఊరుకునే రకం కాదు. అన్నం ముందు చెబుతుంది, స్నానం ముందు చెబుతుంది, స్నానం మధ్యలో తలుపు తీసి మరీ చెబుతుంది.

దాని సంగతి కొంచెం చెప్పాలి. నాలుగేళ్లొచ్చినా దానికి మాటలు సరిగా రాలేదు. వచ్చినవాళ్ల చెప్పులన్నీ గుమ్మం దగ్గర వరసగా పేర్చేది. ఎవరైనా ఒక జత జరిపారంటే గుక్క పట్టేది. ఒరాన్ పట్నం తీసుకెళ్తే అక్కడి పెద్ద డాక్టరు ఆటిజం అన్నాడు. మా వదిన వహీబా ఆ మాట విన్నాక ఏడాది పాటు ఎవరింటికీ పోలేదు. తర్వాత పిల్లకు మాటలొచ్చాయి. వచ్చాక ఆగలేదు! బడిలో వేస్తే బెంచీ మీద నిలవదు, పుస్తకం మీద చూపు నిలవదు. ఈసారి మా ఊళ్లోనే ఒక ముసలి డాక్టరు చూసి, "ఆటిజం ఎవరన్నారమ్మా? ఇంత మాట్లాడే పిల్లకు ఆటిజమేంటి? ఇది ఏకాగ్రత లోపం" అని రోజూ పొద్దున వేసుకునే మాత్ర రాశాడు. ఆ సాయంత్రం వదిన వీధి వీధంతా బక్లావా మిఠాయి పంచిపెట్టింది. పాత మాటను చిరిగిన చెప్పులా బయట పారేసి వచ్చింది.

ఆ ముసలాయన ప్రాక్టీసు మానేశాక డాక్టర్ ఫతీహా వచ్చింది. కుర్రది, చురుకైనది, పిల్లతో పాటు నేల మీద కూర్చుని మాట్లాడుతుంది. బడివాళ్లు ఫిర్యాదు మీద ఫిర్యాదు పంపుతుంటే మాత్ర మోతాదు పెంచింది. పెంచి, "కొన్నాళ్లు చూద్దాం. ఇంట్లో ఎలా ఉంటోందో వీడియోలు తీసి పంపండి. దాన్నిబట్టి మోతాదు ఉంచాలా తగ్గించాలా, అసలు సమస్యకు పెట్టిన పేరే సరైనదా కాదా, అన్నీ మళ్లీ చూస్తాను" అంది.

పేరు అనగానే మా వదిన గుండె జారిపోయింది. ఇంటికొచ్చి నా మీద పడింది.

"మళ్లీ పేరేంటే యమీనా? ఒకసారి మార్చారుగా! మళ్లీ ఆ పాత మాట తెస్తుందా ఏంటి?"

"నన్నడిగితే? నేనేమైనా డాక్టర్నా? నాకు తెలిసింది పిన్నీసులు గుచ్చడం" అన్నాను.

"ఇరవై ఏడో రోజు వీడియో తీస్తా చూడు. చుట్టాలందరి మధ్య, చెద్దాలో, బొమ్మలా కుదురుగా కూర్చున్న నా కూతుర్ని ఆవిడ చూడాలి. చూశాక ఆ పేరు మళ్లీ ఎత్తదు."

ఉపవాసానికి డాక్టరమ్మ ఒప్పుకుంది. ఒక్క రోజే, తెల్లారకముందు సహరీలో కడుపునిండా తిని మాత్ర వేసుకోవాలి, కళ్లు తిరిగితే వెంటనే మానెయ్యాలి అంది. మిగిలింది ముస్తాబు. అది నా పని. అక్కడే నా తెలివంతా చూపించాను. చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుందని బడి మధ్యలో చొక్కా విప్పేసిన పిల్ల ఇది. సాక్సు కుట్టు వేలికి తగిలితే వీధికి వినపడేలా అరిచే పిల్ల. దీనికి అసలు చెద్దా ఎలా కడతాను? అందుకని పలచటి సాటిన్‌తో దూదిలా తేలిపోయే కఫ్తాను కుట్టాను. కుట్లన్నీ పైకి పెట్టాను. ముత్యాలు ప్లాస్టిక్‌వి, టోపీ అట్టది. అందరికీ చూపించి మెచ్చుకోలు కూడా పుచ్చుకున్నాను. మా అమ్మయితే, "నీకున్న ఓపికలో సగం మీ అన్నకుంటే ఈ ఇల్లు ఎక్కడో ఉండేది" అంది.

ఇరవై ఏడో రోజు మధ్యాహ్నం నా సరంజామా అంతా మోసుకుని వాళ్లింటికి చేరాను. పండగ తర్వాత ఒక పెళ్లి ఉంది, దానికి కట్టాల్సిన అసలు చెద్దా పెట్టె కూడా నాతోనే ఉంది. దాన్ని వెనక గదిలో పెట్టి హాల్లోకి వచ్చానో లేదో నెస్రీన్ నా మీదకు దూకింది.

"అత్తా! అత్తా! నా కడుపు మాట్లాడుతోంది! చెవి పెట్టి విను!"

"విన్నాలే. ఏమంటోంది?"

"ఆకలంటోంది! నిజం ఆకలి! నాన్నకి వేసే ఆకలే నాకూ వేస్తోంది!"

చెప్పి మెట్లెక్కింది. దిగింది. సోఫా మీంచి చాప మీదకు, చాప మీంచి వంటింట్లోకి, అక్కడ హరీరా సూపు గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణ. మొహం మాత్రం వెలిగిపోతోంది. దాని ఆనందం చూస్తే నాకే గెంతాలనిపించింది, మోకాళ్లు ఒప్పుకోక ఊరుకున్నాను.

వదిన మాంసం కూరి బూరెకులు చుడుతూ చుడుతూ ఆగి నన్ను పక్కకు లాగింది. "ఇదేంటే? మోతాదు పెంచాక కూడా ఈ గెంతుడేంటి? పైగా మధ్యాహ్నం దీనికి ఆకలేంటి? బడికి పెట్టిన డబ్బా రోజూ నిండుగా తిరిగొస్తుంది కదా!"

"పండగ సంబరం వదినా. నువ్వు మటుకు చిన్నప్పుడు గెంతలేదా?"

"నేను గెంతితే మా అమ్మ వీడియో తీసి డాక్టరుకు పంపలేదు" అంది. కళ్లల్లో నీళ్లు నిలిచాయి. ఆ వీడియో మీదే ఆవిడ ప్రాణాలు పెట్టుకుందని నాకు అప్పుడు అర్థమైంది.

సరే, చుట్టాలు రాకముందే ముస్తాబు మొదలుపెడదామని నా దూది కఫ్తాను తీశాను. నెస్రీన్ చేతులు చాపి నిలబడింది పాపం, బుద్ధిగానే. సాటిన్ ఒంటిని తాకిందో లేదో భుజాలు ఎగరేసింది. మెడ గోక్కుంది. "చీమలు! అత్తా, చీమలు పాకుతున్నాయి! తీసెయ్!"

"చీమలు కాదే, సాటిన్. ఒక్క నిమిషం. ఈ దండ వేసుకుంటే..."

దండ వేశాను. వేశానో లేదో పుటుక్కున తెంపేసింది! ప్లాస్టిక్ ముత్యాలు హాలంతా టపటపా ఎగిరాయి. మా అమ్మ ఒకదాని మీద కాలేసి, జారి, సోఫా పట్టుకుని నిలదొక్కుకుని, "ఉపవాసం రోజున చంపుతారా నన్ను?" అని కేకేసింది. అట్ట టోపీ మా అన్నయ్య సిదహ్మద్ కాళ్ల దగ్గర పడింది. వాడు అప్పుడే రొట్టెలు పట్టుకుని లోపలికొస్తున్నాడు. చూసుకోకుండా తొక్కేశాడు.

నాకు ఒళ్లు మండింది. రంజాన్ నెలంతా కుట్టాను దాన్ని! "నీ కూతురు మహారాణి అన్నయ్యా! దీనికి గాలితో కుట్టినా గుచ్చుకుంటుంది!" అని అరిచాను. ఉపవాసంలో కోపం తెచ్చుకోకూడదని మా అమ్మ గుర్తు చేసింది. నేను అమ్మ మీద కూడా అరిచాను.

వదిన నేల మీద కూర్చుండిపోయింది. "ఇంకేం వీడియో? ఇంకేం కుదురు?" అని ఒక్కో ముత్యం ఏరి ఒళ్లో వేసుకుంటోంది. అన్నయ్య ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని, "మామూలు గౌను వెయ్యండి. ఉపవాసం ఉన్నది ఒళ్లు కాని బట్టలు కాదుగా" అన్నాడు. ఆ గొడవలో ఎవరం చూసుకోలేదు. తల తిప్పి చూస్తే పిల్ల లేదు.

మెట్ల మీద లేదు. డాబా మీద లేదు. వీధిలోకి పోయిందేమోనని అన్నయ్య చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. వదిన పేరు పెట్టి పిలుస్తూ గదులన్నీ తిరుగుతోంది. నేను వెనక గది తలుపు తీశాను.

నా చెద్దా పెట్టె మూత తెరిచి ఉంది. పెళ్లికూతురి కఫ్తాను, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని అసలు మఖమల్ కఫ్తాను, నేల మీద పరిచి ఉంది. దాని కింద నెస్రీన్ వెల్లకిలా పడుకుని ఉంది. అసలు ముత్యాల దండలు గుండె మీద కుప్పగా పోసుకుంది. కాళ్లు ఆడటం లేదు. చేతులు ఆడటం లేదు. అప్పటిదాకా ఆ పిల్ల ఒంట్లో ఆగనిది అంతా ఆగిపోయింది. నాకు భయమేసింది.

"నెస్రీన్! కళ్లు తిరిగాయా అమ్మా?"

"లేదు అత్తా. ఇది కట్టు."

"అది మొయ్యలేవే తల్లీ. పెద్ద పెళ్లికూతుళ్లే అరగంటకి మెడ నొప్పని ఏడుస్తారు."

"బాగుంది. ఇది కప్పుకుంటే నేనెక్కడ ఉన్నానో తెలుస్తోంది."

వదిన వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపాను. "కదలకు వదినా. ఏం మాట్లాడకు. పిన్నీసులు అందుకో."

ఎప్పుడూ ఏ పెళ్లికూతురికీ నేనంత సంబరంగా కట్టలేదు. కఫ్తాను చేతులు మడిచి, నడుం దగ్గర మడత పెట్టి కుట్టి, పిల్లకు తొడిగాను. అరవలేదు. బిగించాను. "ఇంకా" అంది. ఒక దండ వేశాను. "ఇంకోటి" అంది. వరస మీద వరస వేస్తున్నకొద్దీ దాని భుజాలు కిందికి దిగాయి, ఊపిరి నెమ్మదించింది. టోపీ పెట్టి గట్టిగా కడితే కళ్లు మూసుకుని నవ్వింది. బుగ్గల మీద రంగు మాత్రం పెట్టనివ్వలేదు. పోనీలే, అన్నీ మనకే కావాలంటే ఎలా?

వీధిలోంచి తిరిగొచ్చిన అన్నయ్య రెండు చంకల కింద చేతులు వేసి ఎత్తుకొచ్చి కుర్చీలో దించాడు. "అమ్మో, బండలా ఉందే!" అన్నాడు. చుట్టాలొచ్చారు. హాలు నిండింది. పిల్లలు అరుస్తున్నారు, వంటింట్లో మూకుడు చిటపటలాడుతోంది, మా అమ్మ అందరికీ చాపలు చూపిస్తోంది. ఆ సంతలో మా నెస్రీన్ కాళ్లూపకుండా, గోళ్లు కొరక్కుండా, దండల్లో ఒక్కో ముత్యాన్ని వేలితో తడుముతూ కూర్చుంది. బడిలో బెంచీ మీద నిలవని పిల్ల!

వదిన ఫోను తీసింది. మొహం మతాబాలా వెలిగింది. కుర్చీ చుట్టూ తిరుగుతూ తీసింది, ముందు నుంచి తీసింది, తీస్తూనే డాక్టరుకు చెబుతోంది.

"చూశారా డాక్టర్‌గారూ! ఇంత మంది మధ్య! ఎంతసేపటి నుంచి కూర్చుందో! పొద్దున కాస్త అల్లరి చేసిందనుకోండి, కానీ మీరు పెంచిన మాత్ర పనిచేసింది! మాత్ర సరిపోయిందంటే ఇది ఏకాగ్రత లోపమే కదా! ఆ ఇంకోటి కాదు కదా!"

పెద్ద మసీదు నుంచి అజాన్ వినపడింది. అందరి చేతులూ ఖర్జూరాల మీదకు వెళ్లి ఆగాయి. తొలి ఉపవాసం పిల్ల గుటక వేశాకే మేమంతా ముట్టుకుంటాం. మా అమ్మ షర్బత్ గ్లాసు అందించింది. నారింజ పూల వాసన గుప్పుమంది, అడుగున వెండి ఉంగరం మెరుస్తోంది. నెస్రీన్ గ్లాసు పట్టుకుంది. పెదాల దాకా తెచ్చింది. దించేసింది.

"తాగమ్మా" అంది మా అమ్మ.

"తాగను. అమ్మ చెప్పింది నిజం కాదు."

వదిన ఫోను అలాగే ఎత్తి పట్టుకుని ఉంది, వీడియో నడుస్తూనే ఉంది. నెస్రీన్ కఫ్తాను చేతి మడతలో దాచుకున్న చిన్న కాగితపు రుమాలు తీసి విప్పింది. అందులో మాత్ర. కొంచెం కరిగి, అంచులు మెత్తబడి ఉంది.

"సహరీలో నోట్లో వేసుకుని ఉమ్మేశాను. ఇది మింగితే నాకు మధ్యాహ్నం ఆకలెయ్యదు. అందరికీ ఆకలేసి నాకు వెయ్యకపోతే అది దొంగ ఉపవాసం. నాకు నిజంది కావాలి."

నేను అన్నాను, "మరి ఇంతసేపు నిన్ను కూర్చోబెట్టింది ఏంటే?"

"ముత్యాలు" అంది. ఆ మాత్రం తెలియదా అన్నట్టు చూసింది నన్ను. తర్వాత తల్లి వైపు తిరిగింది. "అమ్మా, అబద్ధం పంపకు. నా ఉపవాసంలో అబద్ధం కలుస్తుంది. ఇది కూడా పంపు. పంపాక తాగుతాను."

పంపితే ఏమవుతుందో వదినకు తెలుసు. ఇందాకటి దాకా తీసిన వీడియో పంపితే పాత మాట మళ్లీ రాదు. ఇది కూడా కలిపి పంపితే ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. బొటనవేలు ఫోను మీద అలాగే ఆగిపోయింది. ఇంటినిండా చుట్టాలు, ఆకలి కడుపులు, హరీరా చల్లారుతోంది, ఒక్కరూ ఖర్జూరం ముట్టుకోలేదు.

అన్నయ్య నెమ్మదిగా అన్నాడు. "వహీబా, పిల్లకు ఆకలేస్తోంది. నిజం ఆకలి."

వదిన వెక్కింది. నొక్కేసింది. "పంపాను. మొత్తం పంపాను. తాగు."

నెస్రీన్ ఒక్క గుక్కలో గ్లాసు ఎత్తేసింది. ఉంగరం పళ్లకు టింగుమని తగిలింది. ఇంట్లో ఆడవాళ్లందరం నాలుకలాడించి వేసిన కేకలకు పక్కింటి కుక్క కూడా గొంతు కలిపింది! ఇక తిండి చూడాలి. ముత్యాల మీద పడకుండా నేను తువ్వాలు పట్టుకుని నిలబడితే, ఆ పిల్ల హరీరా తాగి, బూరెకులు తిని, మా అన్నయ్య పళ్లెంలోవి కూడా లాక్కుని తింది. అది తింటుంటే చూస్తూ వదిన తన పళ్లెం సంగతే మర్చిపోయింది.

టీ తాగుతుండగా డాక్టర్ ఫతీహా గొంతు ఫోనులో వచ్చింది. ఆవిడక్కూడా మా సంబరం అంటుకున్నట్టుంది, మాటలు పరుగెడుతున్నాయి.

"వహీబా గారూ, మీరు పంపింది చూసి మా ఇంట్లో అందరికీ వినిపించేలా అరిచాను! ముందు ఒక మాట. మాత్ర ఇలా మీ అంతట మీరు ఆపకూడదు, నెస్రీన్‌కి నేనే చెబుతాను. రేపటి నుంచి పాత మోతాదే ఇవ్వండి. పిల్ల తిండి తినకపోతే నాకు ముందే చెప్పాల్సింది కదమ్మా! రెండో మాట. ఆటిజం, ఏకాగ్రత లోపం, ఈ రెండూ ఒకే పిల్లలో ఉండవని మా పెద్దవాళ్లు చదువుకున్నారు. అందుకే ఒకరు ఒక పేరు రాసి, ఇంకొకరు దాన్ని కొట్టేసి ఇంకోటి రాశారు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. రెండూ ఉండొచ్చు. నెస్రీన్‌కి రెండూ ఉన్నాయని నాకు మొదటి నుంచీ అనుమానం. ఒక్క వీడియోతో తేల్చను, పూర్తిగా పరీక్ష చేస్తాను. శనివారం తీసుకురండి. ఆ ముత్యాలు కూడా తెండి!"

వదిన గుసగుసగా, "రెండూనా?" అంది.

నెస్రీన్ నోట్లో జలబియా మిఠాయి పెట్టుకుని చెప్పింది. "ఉంటే ఏమైంది? నాన్నకి కూడా రెండు పేర్లున్నాయి. సిద్. అహ్మద్. ఎవరూ ఒకటి కొట్టెయ్యలేదు."

ముందు మా అన్నయ్య నవ్వాడు. తర్వాత అమ్మ. వదిన ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ అనుకుంటాను. లేచి వెళ్లి కూతురి కుర్చీ పక్కన చాప మీద కూర్చుంది. నా వైపు చెయ్యి చాపింది.

"యమీనా, పెట్టెలో ఇంకా దండలున్నాయా?"

"ఉన్నాయి. ఎందుకు?"

"నాకూ వెయ్యి."

తెచ్చి వేశాను. ఒకటి. రెండు. ఆవిడ కూడా "ఇంకా" అంది. తల వంచుకుని వేస్తున్నంతసేపూ వేయించుకుంది. చుట్టాలు చెప్పులు వేసుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వదిన కళ్లు మూసుకుని, ముత్యాల మీద చేతులు పెట్టుకుని, కూతురి మోకాలికి తల ఆనించి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ అంత కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"తెలుస్తోందా అమ్మా?" అని అడిగింది నెస్రీన్.

"తెలుస్తోందే" అంది వదిన.

పండగ తర్వాతి పెళ్లికూతురికి నేను వేరేచోట నుంచి ముత్యాలు అద్దెకు తెచ్చి వేశాను.